వీరమ్మ ఇంటి మజ్జిగ

2003 ఫిబ్రవరి 9, ఆదివారం

ఆఖరి రోజు ఎలా గడిచిందో రాసిపెట్టుకోవాలి. ఆలస్యం చేస్తే మారిపోతుంది. ఈ ఉద్యోగంలో ఎంతోమంది సాక్షుల చేత చెప్పించుకున్నాను. నెల తిరిగేసరికి అదే మనిషి అదే సంగతిని ఇంకోలా చెబుతాడు. అబద్ధమాడాలని కాదు. అందుకని వాంగ్మూలం రాసినట్టే రాస్తాను, ఎవరు ఎవరో కూడా.

గురువారం. పొద్దున నా భార్య హనుమాయమ్మ తనంతట తనే లేచి కూర్చుంది. కిడ్నీలు ఇక పనిచెయ్యవని చెప్పి గుంటూరు నుంచి ఇంటికి పంపించేశాక అలా లేవడం అదే మొదలు. ముఖం తుడిచాను. తల దువ్వమంది. నాకు జడ రాదు, ముడి వేశాను. "దొంగని కట్టేసినట్టు కట్టారు" అంది. పాలు రెండు చెంచాలు తాగింది. పక్క క్వార్టరు నుంచి ఫాతిమా వచ్చి దుప్పటి మార్చింది. ఫాతిమా మా ఆఫీసు జీపు డ్రైవరు హయాత్ భార్య.

భోజనాల వేళకు ముందు ఆఫీసు నుంచి ఫోను. డీఎస్పీ గారు రమ్మంటున్నారు. వెళ్ళనా అని అడిగాను.

"వెళ్ళండి. నేనెక్కడికి పోతాను."

చెప్పులు వేసుకుంటుంటే పిలిచింది. "ఏవండీ, వీరమ్మ ఇంటికి మజ్జిగ తాగేట్టయితేనే వెళ్ళండి."

"ఏమిటి?"

"మజ్జిగ తాగేట్టయితేనే."

సరే అన్నాను. ఒంట్లో విషం పెరిగేకొద్దీ మతి తప్పుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

ఆఫీసులో సంగతి ఒకటే. నక్సలైట్లలో కలిసి అడవిలో ఉన్న కోటేష్, తల్లి వీరమ్మను చూడటానికి వస్తున్నాడని తెలిసి, పట్టుకోవడానికి వెళ్ళడం మొన్న జనవరితో మూడోసారి. మూడోసారీ ఇల్లు ఖాళీ. ముందుగా ఎవరో చెబుతున్నారు. ఎవరు? ఆ ప్రశ్న మీదే పొద్దుగడిచింది.

తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. ఫాతిమా తలుపు దగ్గర నిలబడి ఉంది. పక్కకు జరిగింది.

నేను వేసిన ముడి ఊడలేదు.


ఫిబ్రవరి 17, సోమవారం

పదకొండో రోజు అయిపోయింది. బంధువులు వెళ్ళారు. వంటింట్లో గిన్నెలన్నీ ఎవరో వేరే చోట సర్దారు.


ఫిబ్రవరి 19, బుధవారం

డ్యూటీలో చేరాను.

కొత్త డీఎస్పీ గారు హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారు. స్పెషల్ బ్రాంచి వాళ్ళందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద మెట్లు గీశారు. మామూలు మనిషి తుపాకీ దాకా ఎలా వెళ్తాడు? మొదటి మెట్టు, ఒక అన్యాయం. రెండోది, ఆ అన్యాయానికి అర్థం చెప్పే మనిషి దొరకడం. మూడోది, పాతవాళ్ళకు దూరం కావడం: చదువు మానేస్తాడు, మాటలు తగ్గుతాయి, తన వస్తువులు ఎవరెవరికో ఇచ్చేస్తాడు. నాలుగో మెట్టు మీద మనిషే కనపడడు. మూడో మెట్టు మీద ఉండగానే పట్టుకోవాలి అన్నారు. తప్పేమీ లేదు. బాగానే చెప్పారు.

వెనక నుంచి హయాత్ నా చెవిలో, "మూడో మెట్టు మీద మా బావమరిది ఉన్నాడు సార్, పెళ్ళి కుదరక" అన్నాడు.

మాటలు తగ్గడం, మనుషులకు దూరం కావడం. ఆ లెక్కన నేనూ ఉన్నాను. ఆమె చీరలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళకు తర్వాత చూద్దామన్నాను.

క్లాసు అయ్యాక డీఎస్పీ గారు ఆపారు. "చెంచురామయ్య గారూ, ఆ లీకు సంగతి తేల్చండి. ఆ ఇంటికి వెళ్ళేది మీరూ మీ డ్రైవరూ. అంతేగా?"

"మా ఆవిడ కూడా వచ్చేదండి."

ఎందుకన్నానో తెలియదు. ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు.

"పోయినవాళ్ళ సంగతి వదిలేయండి. ఆ డ్రైవరు ఎలాంటివాడు? పేరు చూసి అడగడం లేదు, అపార్థం చేసుకోకండి."

మంచివాడేనన్నాను. అపార్థం చేసుకోలేదు. సరిగానే అర్థం చేసుకున్నాను.


ఫిబ్రవరి 20, గురువారం

కేసు రాసినట్టు రాస్తే తేలుతుంది.

వీరమ్మది చినతుమ్మలూరు. కొంచెం పత్తి, కొంచెం మిరప. పత్తి దెబ్బతిన్న ఏడు భర్త పురుగుమందు తాగాడు. కొడుకు కోటేష్ ఆ మందు అమ్మిన కొట్టుకు వెళ్ళి అడిగాడు. మాట మాట పెరిగి అద్దం పగిలింది. స్టేషనుకు పిలిపించారు. అక్కడ మావాడొకడు తల్లి చూస్తుండగా చెంప మీద కొట్టాడు. అద్దానికి కేసు పెట్టారు, మందుకు పెట్టలేదు. ఆ వేసవికి కోటేష్ నల్లమలలో ఉన్నాడు.

నా పద్ధతి ఇది. వెళ్ళినవాడి ఇంటి తలుపు మన మొహాన మూసుకుపోకూడదు. నెలకోసారి వెళ్ళి కూర్చోవాలి. కొడుకు గురించి ఏమీ అడగకూడదు. సేద్యం, వితంతు పింఛను, కూతురి ఫీజు, అంతే. వాడికి ఎప్పుడైనా అడవి మీద విరక్తి పుడితే, తిరిగి రావడానికి తెలిసిన పోలీసు ఒకడున్నాడని వాడికి తట్టాలి. ఆ ఇంట్లోంచి రెండో మనిషి వెళ్ళకుండా కూడా ఇదే మందు. రెండో మనిషి అంటే చెల్లెలు శ్రీరమ్య, డిగ్రీ చదువుతోంది.

మొదట్లో వీరమ్మ నాతో మాట్లాడలేదు. హనుమాయమ్మను వెంట తీసుకెళ్ళాను. ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు. త్వరలోనే ఆమె వదినగారు, నేను అన్నయ్యగారు అయ్యాం. శ్రీరమ్య మామయ్యా అని పిలిచేది. వెళ్ళినప్పుడల్లా వీరమ్మ ఇత్తడి గ్లాసులో మజ్జిగ ఇచ్చేది. ఇద్దరాడవాళ్ళ మధ్య ఒక జాడీ తిరిగేది. అటు నుంచి పండుమిరప పచ్చడి వచ్చేది. ఖాళీ జాడీ పంపకూడదని ఇటు నుంచి హనుమాయమ్మ బెల్లమో కందిపప్పో వేసి పంపేది.

పట్టుకునే పని నాది కాదు, వేరే పోలీసు పార్టీది. కాకపోతే ముందు రోజు నన్ను మామూలుగా వెళ్ళి చూసి రమ్మనేవారు.

మొదటిసారి, ముందటేడు దసరా వెళ్ళాక. నేనూ హనుమాయమ్మా వెళ్ళాం. నాకు తలనొప్పిగా ఉండి ఏమీ తీసుకోకుండా లేచాను. ఆమె జాడీ ఇచ్చి కాస్త ఆలస్యంగా బయటికి వచ్చింది. మర్నాడు ఇల్లు ఖాళీ.

రెండోసారి, నిరుడు ఎండాకాలం. దారిలో పెళ్ళి భోజనం చేసి వెళ్ళాను, కడుపులో చోటు లేదు, వాకిట్లోనే కూర్చున్నాను. ఆమె జాడీ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. మర్నాడు ఖాళీ.

మూడోసారి, మొన్న జనవరి. ఆమె మంచం మీద ఉంది. జాడీ నా చేత పంపింది. నాకు కడుపులో మంట. జాడీ ఇచ్చి వచ్చేశాను. మర్నాడు ఖాళీ.

మూడుసార్లూ జాడీ అటు వెళ్ళింది.

రేపు దాడి అని నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మనిషికి చెప్పాలా?


ఫిబ్రవరి 22, శనివారం

జీపులో హయాత్‌ని మామూలుగా అడిగినట్టు అడిగాను. "అమ్మగారు జాడీలో ఏమేసి పంపేది?"

"తినే వస్తువులే సార్."

"ఏవి? జనవరిలో ఏమిటి?"

"నేను మూత తీసి చూస్తానా సార్? ఆడోళ్ళ జాడీ."

"నిరుడు?"

బండి నెమ్మది చేసి అద్దంలో నన్ను చూశాడు. "సార్, నా మీద అనుమానమైతే నా మీదే పడండి. అమ్మగారి దాకా ఎందుకు?"

నాకు ఎవరి మీదా అనుమానం లేదు. సరిచూసుకుంటున్నాను. అదే చెప్పాను.

అనుమానం అమ్మగారి దాకా వెళ్తుందని అతను అంత తొందరగా ఎలా పసిగట్టాడు?


ఫిబ్రవరి 23, ఆదివారం

ఆమె ట్రంకు పెట్టె తీశాను. చీరలన్నీ విప్పి చూశాను. కొంగులు, అంచులు, అడుగున పరిచిన కాగితాలు. కలరా ఉండలు, మా పెళ్ళి ఫొటో, ఆసుపత్రి చీటీలు.

ఏమీ లేదు. మా ఉద్యోగంలో ఏమీ లేకపోవడం కూడా ఒక ఆధారమే.

చీరలు తిరిగి సర్దడం చేతకాలేదు. అలాగే కుక్కి మూత వేశాను.


మార్చి 4, మంగళవారం

వీరమ్మ ఇంటికి వెళ్ళాను. హనుమాయమ్మ పోయాక ఇదే మొదటిసారి.

ఊరి బయట కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. జీపు దిగగానే హయాత్ వరసగా తుమ్మాడు. ఘాటుకు నా కళ్ళు నీరు కారుతుంటే చూసి వీరమ్మ ఏడ్చింది. నేను ఏడుస్తున్నాననుకుంది. కాదని చెప్పలేదు.

"కబురైనా పెట్టలేదే అన్నయ్యగారూ. పేపర్లో పడితేగాని నాకు తెలవలా. కడసారి చూపు కూడా నోచుకోలేదు."

ఘాటుకు దగ్గు వస్తుండగానే జాడీ సంగతి ఎత్తాను. జనవరిలో ఏమేసి పంపింది?

"బెల్లం."

"అంతకు ముందు?"

"ఓసారి కందిపప్పు, ఓసారి చింతపండు. ఎందుకు?"

"ఏం లేదు. ఆమె ఏమేసి పంపేదో నాకు తెలియక."

ఒప్పుకున్నట్టు తలూపింది కానీ చాలాసేపు నా మొహం చూసింది. మజ్జిగ ఇచ్చింది. తాగాను. రెండో గ్లాసు కూడా.

శ్రీరమ్య గడప అవతల నిలబడి ఉంది. నల్లబడింది, వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. కాలేజీ ఎలా ఉందమ్మా అన్నాను.

"ఉందండి, అక్కడే ఉంది సార్."

సార్. మామయ్య పోయాడు.

"మా అమ్మ మజ్జిగ కూడా టీఏ బిల్లులో రాసుకుంటారా సార్?"

"నోర్ముయ్యవే" అని వీరమ్మ కసిరింది. "ఇంటికొచ్చిన మనిషితో అట్టాగేనా మాట్లాడేది?"

"ఇంటికొచ్చిన మనిషి ఎందుకొచ్చాడో నువ్వు అడగవుగా."

చూసినవి: ఆమె కాలేజీ సంచి పక్కింటి పిల్ల భుజాన ఉంది. పుస్తకాల గూట్లో మిరప గోతాలు పెట్టి ఉన్నాయి. అద్దం ముందు బొట్టుబిళ్ళలు లేవు. డీఎస్పీ గారి మూడో మెట్టు అంటే ఇదే. అన్న వెళ్ళిన దారి ఇలాగే మొదలైంది, అప్పుడు మాకు చూసే కన్ను లేదు.

వస్తూ ఉంటే వీరమ్మ ఖాళీ జాడీలో కొత్త పచ్చడి పెట్టి ఇచ్చింది. "మీరు తిరిగి తెచ్చేటప్పుడు ఏమీ వెయ్యొద్దు. ఆడదిక్కు లేని ఇల్లు, ఏం పట్టించుకోనులే."


మార్చి 6, గురువారం

శ్రీరమ్య మీద రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. రాయకపోతే తప్పు. రాస్తే ఎవడో వెళ్ళి ఆ పిల్లను స్టేషనుకు పిలుస్తాడు. పిలిచిన చోట ఇంకెవడో ఉంటాడు, చెయ్యి దురుసువాడు.

మధ్యలో ఆపాను.


మార్చి 8, శనివారం

హయాత్‌తో అన్నాను, ఆ పిల్ల చదువు మానేసింది, ఎవరితోనో తిరుగుతున్నట్టుందని.

అతను నవ్వాడు. "తిరుగుతోంది సార్, మిరప తోటల్లో. ముఠా కట్టింది. ఆడోళ్ళని పోగేసి కోతలకి తీసుకెళ్తోంది. పరీక్ష ఫీజు కట్టాలంట. సంచీ పక్కింటి పిల్లకి అరువిచ్చింది, ఆ పిల్లకి పదో తరగతి పరీక్షలు."

"నీకెలా తెలుసు?"

"పొద్దున బస్సులో కనపడుద్ది సార్. గోంగూర పచ్చడి, ముతక అన్నం కారేజీలు పెట్టుకుని ముఠా అంతా పాటలు పాడుకుంటా పోతారు. మీరు జీపులో అద్దం ఎక్కించి కూర్చుంటారు, మీకెట్టా కనపడుద్ది?"

పాటలా? ఏం పాటలు అని అడిగాను.

"సినిమా పాటలు సార్. డ్యూయెట్లు."

రిపోర్టు చించేశాను. తర్వాత తట్టింది: హయాత్ ఆ ఊరి బస్సు ఎందుకు ఎక్కాడు? అడిగితే అత్తగారి ఊరు ఆ దారిలోనే కదా అన్నాడు. ఉండొచ్చు.


మార్చి 12, బుధవారం

పచ్చడి బాగుంది. ఇంత కారం ఆమె తిననిచ్చేది కాదు.


మార్చి 17, సోమవారం

డీఎస్పీ గారి గదిలో. తలుపు వేసి మాట్లాడారు.

కోటేష్ తండ్రి తద్దినం ఈ నెల ఇరవై అయిదు, మంగళవారం. కొడుకు ఈసారి తప్పక వస్తాడని గట్టి సమాచారం. పార్టీ ఈసారి తెల్లవారుజామున వెళ్ళదు. పొద్దెక్కాక, పంతులు వచ్చాక, వాడు పిండం దగ్గర కూర్చున్నప్పుడు వెళ్తుంది. ముందు రోజు నేను మామూలుగా వెళ్ళి ఏర్పాట్లు చూసి రావాలి.

"సజీవంగానే కదండీ?" అన్నాను.

"వాడి చేతిలో ఏముంటుందో దాన్ని బట్టి."

"తద్దినం పెట్టేవాడి చేతిలో దర్భ ఉంటుందండి."

ఆయన నవ్వలేదు. నేను లేచాక అన్నారు: "ఈసారి కూడా లీకయితే మీ డ్రైవరు మీద చర్య తీసుకోక తప్పదు. సస్పెన్షన్ కాగితం తయారుగా ఉంది. మంగళవారం సాయంత్రం దాకా ఆగుతాను."

బయట హయాత్ జీపు అద్దాలు తుడుస్తున్నాడు. వాడికి ముగ్గురు పిల్లలు.

ఈసారి ఆమె లేదు. జాడీ నా దగ్గరే ఉంది. ఈసారి కూడా ఇల్లు ఖాళీ అయితే ఆమె కాదని తేలిపోతుంది. ఆ మాట రాశాక అర్థమైంది, ఈసారి ఇల్లు ఖాళీ కావాలని నేను కోరుకుంటున్నాను.


మార్చి 21, శుక్రవారం

ఏమీ లేదు.


మార్చి 24, సోమవారం

జాగ్రత్తగా రాయాలి. ఏ మాట ఎవరు అన్నారో అలాగే.

మధ్యాహ్నం వెళ్ళాను. హయాత్‌ని జీపుతో రోడ్డు మీదే ఉంచి ఊళ్ళోకి నడిచాను. వాకిలి అలికి ఉంది. వసారాలో కొత్త చాప, అరిటాకులు, పంతులు గారి కోసం విడిగా బిందె. ఏర్పాట్లు చూడమన్నారు, చూశాను.

వీరమ్మ మజ్జిగ తెచ్చింది. అల్లం, కరివేపాకు వేసింది.

"వద్దమ్మా. పొద్దుటి నుంచి కడుపులో బాగోలేదు."

గ్లాసు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత గ్లాసు నేల మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"రేపా అన్నయ్యగారూ?"

"ఏమిటమ్మా?"

"మీవోళ్ళు వచ్చేది."

ఎవరు చెప్పారన్నాను.

"మీరే. ఎప్పుడూ మీరేగా చెప్పేది."

అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

"మీరు మా ఇంట్లో మజ్జిగ ముట్టని మర్నాడల్లా జీపులొచ్చాయి. మొదటిసారి నాకూ తెలవలా. వాడికి రావడం కుదరక బతికిపోయాడు. రెండోసారి పెళ్ళిలో తిన్నానన్నారు. ఎంత తిన్నా ఎండన పడొచ్చినోడు గుక్కెడు మజ్జిగ వద్దంటాడా? దడ పుట్టి కబురంపా. మూడోసారి కడుపు మంట అన్నారు. మంటకి మజ్జిగే కదా ఇచ్చేది! ఇంకేం అనుమానం? మిగతా అన్నిసార్లూ అడిగి మరీ రెండో గ్లాసు తాగారు. మా ఇంటి ఉప్పు నోట్లో పెట్టుకుని మా పిల్లోణ్ణి పట్టియ్యడానికి మీకు చెయ్యి రాలా. అంతేగా."

తలనొప్పి, పెళ్ళి భోజనం, కడుపు మంట. మూడూ నిజమేననుకున్నాను. ఇందాకటిది కూడా. పొద్దుట రెండు ఇడ్లీలు శుభ్రంగా తిన్నాను.

"హనుమాయమ్మకు తెలుసా?"

"నేనే చెప్పా, రెండోసారి జీపులొచ్చి పోయాక. వదినగారు ఎంత నవ్విందో! 'ఆయనకి చెప్పమాక వీరమ్మా, తెలిస్తే తాగడం నేర్చుకుంటాడు' అంది."

అవతల వీధిలో ఎవరో మిరపకాయలు తిరగబోస్తున్నారు, గలగలమంటున్నాయి.

"మరి ఇప్పుడెందుకు చెప్పావమ్మా?"

"ఇదివరకైతే చెప్పేదాన్ని కాదు. తప్పుకోమని కబురంపితే తప్పుకునేవాడు. ఇప్పుడు వాడికి పారిపోయే కాళ్ళు లేవు. మలేరియా. చలికి ఎగిరెగిరి పడతన్నాడు. మా కల్లం దగ్గర గుడిసెలో పడుకోబెట్టా."

తలుపు చాటు నుంచి శ్రీరమ్య అరిచింది. "అమ్మా! ఎవరికి చెప్తున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుసులేవే. ఈయన మజ్జిగ తాగలా. తాగుంటే చెప్పేదాన్ని కాదు."

శ్రీరమ్య వచ్చి తల్లి పక్కన నిలబడింది. కళ్ళు నా మీద నుంచి తిప్పలేదు. మూడో మెట్టు, నాలుగో మెట్టు, అన్నీ ఆ పిల్ల మొహంలో కనపడ్డాయి. రేపు చాప మీద అన్న రక్తం పడితే, ఎల్లుండి నుంచి ఈమె పేరు మీద ఇంకొకడు నెలనెలా ఇక్కడికొచ్చి కూర్చోవాలి. వాడికి ఈ ఇంట్లో మజ్జిగ పుట్టదు.

"వాడు లొంగిపోతాడా?" అన్నాను.

"లొంగిపోవడానికేగా వచ్చింది" అంది వీరమ్మ. "జడ్జీ ముందు పెట్టండి, జైల్లో పెట్టండి, ఎన్నేళ్ళయినా పోయి చూసొస్తా. ప్రాణంతో పెట్టండి."

"కోర్టుకు తీసుకెళ్తాను."

శ్రీరమ్య అడిగింది, "ఎవరి మాట అది? డిపార్టుమెంటుదా?"

"నాది."

"మీ మాట మజ్జిగలో తెలుస్తుందంట కదా. రేపు చూస్తా." మళ్ళీ తనే, "మా ముఠా ఇరవై మందిమి. తెల్లారగానే కోతకి పోతాం. రేపు ముందు కల్లం దగ్గరికి తీసుకొస్తా. రోడ్డెక్కి బస్సు వచ్చిందాకా మీ చుట్టూనే ఉంటాం. అందరి ముందూ ఏం చేస్తారో చెయ్యండి."

నాకు తోచని పద్ధతి ఆ పిల్లకు తోచింది. ఇరవై మంది ఆడకూలీల మధ్య నడిచేవాడి మీద ఎవడూ తుపాకీ ఎత్తడు.

సాయంత్రం డీఎస్పీ గారికి చెప్పాను: ఏర్పాట్లు జరుగుతున్నాయి, అనుమానం రాలేదు. లొంగిపోతే ఏం చేద్దామని ఒకసారి అడిగాను.

"ముందు చేతికి చిక్కనివ్వండి. ఆ తర్వాత ఆలోచిద్దాం." ఫైలు మూసి, "ఆవిడ మామూలుగానే ఉందా? ఏమైనా ఇచ్చిందా?"

"మజ్జిగ ఇచ్చిందండి."

"తాగారా?"

"తాగాను."

ఆయన తృప్తిగా తలూపారు. ఆయనకు అబద్ధం చెప్పడం ఇదే మొదలు.

హయాత్‌కి ఏమీ చెప్పలేదు. దారి పొడుగునా అద్దంలో చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు, "రేపు ఎన్నింటికి రమ్మంటారు సార్?" అన్నాడు. రేపు బండి అక్కర్లేదన్నాను. "బస్సా సార్?" అన్నాడు. నేను గేటు తీశాను. "అద్దాలుండవు సార్ బస్సుకి, బాగుంటది" అని వెళ్ళిపోయాడు. వాడికి ఎంత తెలుసో నాకు తెలియదు. ఇక తెలుసుకోను.

ఇంటికొచ్చి మొదటి పేజీ తీసి చదివాను. మజ్జిగ తాగేట్టయితేనే వెళ్ళండి. మతి తప్పలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పింది. నేనే సరే అని చెప్పులు వేసుకున్నాను.

ట్రంకు పెట్టె తెరిచి చీరలు ఒక్కొక్కటే మడత పెట్టాను. ఆమె మడత రాలేదు. అయినా పెట్టాను.

యూనిఫాం తీసి ఇస్త్రీ చేశాను. స్పెషల్ బ్రాంచికి వచ్చాక వేసుకోలేదు, నడుము దగ్గర బిగుతుగా ఉంది. జాడీ కడిగి తుడిచి బెల్లం వేశాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు చినతుమ్మలూరు వెళ్తాను. కోటేష్‌ని ముఠా మధ్య నడిపించి, తల్లితో సహా బస్సెక్కించి, మేజిస్ట్రేటు గారి ముందు నిలబెడతాను. అక్కడి నుంచే డీఎస్పీ గారికి ఫోను చేసి, లీకు హయాత్ కాదు, నేనని చెబుతాను. వీటన్నిటికంటే ముందు కల్లం దగ్గర అందరూ చూస్తుండగా వీరమ్మ చేతి మజ్జిగ తాగుతాను. గ్లాసు ఖాళీ చేసి, శ్రీరమ్య ఎదుట బోర్లిస్తాను.